గాయపు మచ్చను కాస్మెటిక్ టాటూతో మరుగుపరచడం: విశాఖవాసులకు ఒక మార్గదర్శి

గాయం మానిన తర్వాత మిగిలే మచ్చ రెండు కారణాల వల్ల కంటికి ఆనుతుంది. దాని రంగు చుట్టుపక్కల చర్మపు రంగుతో కలవకపోవడం ఒకటి. దాని ఉపరితలం పక్క చర్మం కంటే ఎత్తుగానో, గుంటగానో, నున్నగా మెరుస్తూనో ఉండడం రెండవది. కాస్మెటిక్ టాటూ వీటిలో మొదటిదాన్ని మాత్రమే సరిదిద్దగలదు. సన్నని సూదులతో, ఒంటి చాయకు సరిపోయేలా కలిపిన రంగును చర్మం రెండో పొరలో పైపైన నిలపడమే ఈ పద్ధతి. కాబట్టి మచ్చ మాయం కాదు, దాని ఆకారమూ మారదు. ఎదురుగా కూర్చుని మాట్లాడేవారి చూపు దాని దగ్గర ఆగిపోకుండా చేయగలిగితే పని బాగా కుదిరినట్లే లెక్క. "అసలు మచ్చే కనిపించదు" అని ఎవరైనా హామీ ఇస్తే, ఆ మాట దగ్గరే వారి గురించి ఒక అంచనాకు రావచ్చు.

మీ మచ్చకు ఈ పద్ధతి పనికొస్తుందో లేదో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. మీ చాయకు సరిగ్గా సరిపోయే, మచ్చలను కప్పే మేకప్ క్రీమైన కన్సీలర్‌ను మచ్చ మీద పల్చగా అద్ది, అంచులు కలిసిపోయేలా సర్ది, కిటికీ దగ్గర పగటి వెలుగులో అద్దంలో చూసుకోండి. తర్వాత గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని మచ్చకు ఒక పక్క నుంచి వాలుగా పట్టి మళ్లీ చూడండి. పగటి వెలుగులో మచ్చ దాదాపు కలిసిపోతే అది ప్రధానంగా రంగు సమస్య, టాటూతో ఫలితం ఉంటుంది. కన్సీలర్ వేసినా ఎదుటి వెలుగులోనే గీతగానో గుంటగానో కనిపిస్తే అది ఆకారపు సమస్య. దాని మీద ఎంత నేర్పుగా రంగు ఎక్కించినా నీడ అలాగే పడుతుంది. టార్చి వెలుగులో మాత్రమే కనిపించే కొద్దిపాటి ఎత్తుపల్లాలకు కంగారు పడనక్కరలేదు, ఒంటి మీద వాలుగా వెలుగు పడే సందర్భాలు తక్కువే. రోజూ కన్సీలర్ వేసుకోవడం మీకు ఇబ్బందిగా లేకపోతే అక్కడితో ఆగిపోవడం కూడా ఒక మంచి నిర్ణయమే. కడుక్కుంటే పోయేదానిలో ప్రమాదం లేదు.

ఎలాంటి మచ్చకు నప్పుతుంది, దేనికి నప్పదు

చదునుగా ఉండి, పక్క చర్మం కంటే తెల్లగా పాలిపోయి, చాలాకాలంగా మార్పు లేకుండా ఉన్న మచ్చ ఈ పద్ధతికి అన్నిటికంటే అనువైనది. పాత ఆపరేషన్ కుట్ల గీతలు, సిజేరియన్ గీత, మోటారు సైకిలు మీద నుంచి పడినప్పుడు చర్మం గీరుకుపోయి తెల్లబడిన చోట్లు, లోతు తక్కువగా కాలి మానిన మచ్చలు ఈ కోవలోకి వస్తాయి.

నల్లబడిన మచ్చల సంగతి వేరు. మనవాళ్లలో చామనచాయ, నలుపు చాయలవారే ఎక్కువ. అలాంటి చర్మం మీద దెబ్బ తగిలినా, మొటిమ పగిలినా, దోమకాటును గోకినా మొదట మిగిలేది తెల్లమచ్చ కాదు, నల్లమచ్చ. దాని మీద లేత రంగు టాటూ వేయిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ, చర్మం నిర్మాణమే అందుకు ఒప్పుకోదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పై పొరలో ఉంటుంది, టాటూ రంగు దాని కింది పొరలో నిలుస్తుంది. అంటే టాటూ రంగును మనం ఎప్పుడూ మన మెలనిన్ గుండానే, రంగు కళ్లద్దాల వెనుక నుంచి చూసినట్లు చూస్తాం. మెలనిన్ తగ్గిన తెల్లమచ్చలో కింద నుంచి రంగు చేర్చవచ్చు, ఎక్కువైన నల్లమచ్చలో కింద ఎంత లేత రంగు పెట్టినా పైనున్న నలుపు అలాగే ఉంటుంది. పైగా సూది పోట్లే కొత్త గాయాలై ఆ నలుపును మరింత పెంచే అవకాశం ఉంది. నల్లమచ్చలు చాలావరకు నెలల తరబడి కాలంలో వాటంతట అవే పల్చబడతాయి. ఎండ తగలకుండా చూసుకోవడం, చర్మ వైద్యులు రాసే క్రీములు వాడడం వాటికి తగిన దారి.

ఎర్రగానో, గులాబీ రంగులోనో ఉన్న మచ్చ ఇంకా పండలేదని అర్థం. గాజు గ్లాసు అడుగుతో దానిని నొక్కి చూడండి. నొక్కినప్పుడు ఎరుపు పోయి, వదలగానే తిరిగి వస్తే అందులో రక్తనాళాలు ఇంకా పని చేస్తున్నాయన్నమాట. మచ్చ పూర్తిగా పక్వానికి రావడానికి సాధారణంగా 12 నుంచి 18 నెలలు పడుతుంది, పిల్లల్లోనూ యువకుల్లోనూ ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఈలోగా దాని రంగు నెల నెలకూ మారుతుంటుంది కాబట్టి, మారుతున్న రంగుకు సరిపోయేలా మారని రంగును కలపడం ఎవరికీ సాధ్యం కాదు. పెళ్లి దగ్గర పడిందనో, ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉందనో ఆరు నెలల మచ్చకు టాటూ వేయించడం తొందరపాటే అవుతుంది.

ఉబ్బెత్తు మచ్చల్లో రెండు రకాలున్నాయి. గాయపు హద్దులోనే ఉబ్బి, కాలక్రమంలో కొంత అణిగేది ఒకటి. గాయపు హద్దు దాటి పక్క చర్మంలోకి పాకేది కీలాయిడ్. కీలాయిడ్ ఉన్నవారు, వచ్చే తత్వం ఉన్నవారు టాటూ జోలికి పోకూడదు, ఎందుకంటే ఒక్కో సూది పోటూ కొత్త కీలాయిడ్‌కు నాంది కావచ్చు. మీ తత్వం ఎలాంటిదో తెలుసుకోవడానికి మన దేశంలో దాదాపు ప్రతి ఒక్కరి ఒంటి మీదా ఒక ఆధారం ఉంటుంది. పుట్టగానే ఎడమ భుజం మీద వేసిన బీసీజీ టీకా మచ్చ చదునుగానో, చిన్న గుంటగానో ఉంటే మంచిదే. అది గట్టిపడి, ఉబ్బి, దురద పెడుతూ పెరిగిందంటే జాగ్రత్త పడాలి. చెవులు కుట్టించుకున్న చోట గడ్డ కట్టడం, ఛాతీ మధ్యలో మొటిమ మానాక ఉబ్బు మిగలడం, తల్లిదండ్రులకో తోబుట్టువులకో కీలాయిడ్ ఉండడం కూడా అలాంటి సూచనలే.

బొల్లి, సోరియాసిస్, లైకెన్ ప్లానస్ (దురద పెట్టే ఊదా రంగు బుడిపెల వ్యాధి) వంటివి ఉన్నవారిలో చర్మానికి దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చలు పుట్టే స్వభావం ఉంటుంది. బొల్లి కనీసం ఏడాదిగా కొత్తగా పాకకుండా నిలిచి ఉంటే తప్ప టాటూ గురించి ఆలోచించకూడదు, అప్పుడు కూడా చర్మ వైద్యుల అనుమతి ఉండాలి. మొటిమల వల్ల పడిన గుంటలకు టాటూతో ప్రయోజనం లేదు, వాటికి మైక్రోనీడ్లింగ్ (రంగు లేకుండా సన్నని సూదులతో చర్మాన్ని పొడిచే చికిత్స), లేజర్ వంటివి వేరే ఉన్నాయి. పుట్టుమచ్చ మీద గానీ, క్యాన్సర్ గడ్డ తీసిన చోట డాక్టరు అనుమతి లేకుండా గానీ రంగు వేయించకూడదు. అక్కడ రేపు రాగల మార్పు ఆ రంగు కింద దాగిపోతుంది.

ముందు ఎవరిని కలవాలి

టాటూ కళాకారుల కంటే ముందు చర్మ వైద్యులను కలవడం సరైన క్రమం. విశాఖలో ప్రైవేటు క్లినిక్కులకు కొదవ లేదు. ఖర్చుకు వెనుకాడేవారు, 1923 నుంచి నగరానికి పెద్ద దిక్కుగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఓపీకి వెళ్లవచ్చు. కాలిన మచ్చలు బిగుసుకుపోయి మెడ, మోచేయి, వేళ్లు సరిగా ముడవలేని స్థితి ఉంటే అది ప్లాస్టిక్ సర్జన్లు చూడవలసిన విషయం. బిగువు తీయించకుండా రంగు వేయించడంలో అర్థం లేదు.

డాక్టరును అడగవలసినవి మూడు: ఈ మచ్చ పండిందా, నాకు కీలాయిడ్ తత్వం ఉందా, టాటూ కంటే ముందు దీని ఎత్తునో గుంటనో తగ్గించే మార్గం ఉందా. మూడో ప్రశ్నను చాలామంది అడగరు, కానీ ఫలితం ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఉబ్బెత్తు మచ్చను సిలికాన్ షీట్లతోనో జెల్‌తోనో, అవసరమైతే మచ్చలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతోనో అణచవచ్చు. ఉపరితలాన్ని ఫ్రాక్షనల్ లేజర్ (చర్మం మీద సన్నని చుక్కలుగా పడే లేజర్) కొంతవరకు సమం చేస్తుంది. ఈ పనులన్నీ టాటూకు ముందే పూర్తి కావాలి, తర్వాత కాదు. చర్మపు రంగు టాటూలో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్‌నూ, గోధుమ, పసుపు, ఎరుపు ఛాయల కోసం ఐరన్ ఆక్సైడ్లనూ కలుపుతారు. టాటూ తీయడానికి వాడే లేజర్ కిరణం తగిలితే ఈ రంగులు అప్పటికప్పుడే బూడిద రంగులోకో, నలుపులోకో మారిపోవచ్చు. మామూలు నల్ల టాటూ నచ్చకపోతే లేజర్‌తో తీయించుకోవచ్చునన్న ధీమా చర్మపు రంగు టాటూ విషయంలో పనికిరాదు. భవిష్యత్తులో అదే చోట అవాంఛిత రోమాలకో, మరి దేనికో లేజర్ చేయించుకోవలసి వస్తే, అక్కడ టాటూ ఉందని ముందుగా చెప్పి తీరాలి.

మధుమేహం అదుపులో లేనివారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ప్రస్తుతానికి ఆగాలి, లేదా డాక్టరు చెప్పినట్లు నడుచుకోవాలి. గుండె జబ్బుకు వేసుకునే మాత్రను టాటూ కోసం సొంతంగా ఆపేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడినవారిని ఆరు నెలలు ఆగమని చెప్పడం పరిపాటి.

పని చేసేవారిని ఎంచుకోవడం

మచ్చ మీద పని చేయడం మామూలు చర్మం మీద బొమ్మ వేయడం లాంటిది కాదు. మచ్చలో కణజాలం గట్టిగా, అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది. ఒక చోట రంగు పట్టదు, పక్కనే ఇంకో చోట లోపలికి పాకి మసకబారుతుంది. పెద్ద పెద్ద బొమ్మలు అద్భుతంగా వేసేవారికి కూడా ఈ పని చేతకాకపోవచ్చు. కనుబొమలు దిద్దే కోర్సు కొద్ది రోజుల్లో పూర్తి చేసి, ఆ ధ్రువపత్రంతో మచ్చల మీద ప్రయోగాలు చేసేవారి దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి.

వారి నేర్పును చూడడానికి ఫొటోలే ఆధారం, ఏ ఫొటోలు చూస్తున్నామన్నదే అసలు విషయం. పని ముగిసిన వెంటనే తీసిన ఫొటోలో చర్మం కొద్దిగా వాచి, ఎర్రబడి, మచ్చ అంచులు కలిసిపోయినట్లు కనిపిస్తాయి, ఆ అందం వారం కూడా నిలవదు. కనీసం మూడు నెలల తర్వాత, మొదటి ఫొటో తీసిన వెలుగులోనే తీసినవి చూపించమనండి. వాటిలో మీ చాయకు దగ్గరగా ఉన్నవారి ఫొటోలు ఉండాలి. విదేశాల్లో తెల్లని చర్మం మీద చేసిన పనుల ఫొటోలు చూపిస్తే, వాటిని చూసి మన చర్మం మీద ఫలితం గురించి తెలుసుకోగలిగేది ఏమీ లేదు. ఫోనులో మాట్లాడేటప్పుడే ఇలా అడగవచ్చు: "మేడమ్, కాలు మీద పదేళ్ల నాటి తెల్లమచ్చ ఉందండీ. చామనచాయ మీద మీరు చేసినవి, మానాక తీసిన ఫొటోలు ఏమైనా చూపిస్తారా? ముందు చిన్న చోట పరీక్షగా వేసి, నెలన్నర ఆగి చూడడానికి ఒప్పుకుంటారా?" ఈ రెండో ప్రశ్నకు "అక్కర్లేదండీ, ఒక్కసారికే అయిపోతుంది" అన్న జవాబు వస్తే, ఇంకొకరిని వెతుక్కోవడం మేలు.

ధర విషయంలో ఒక్కసారి పనికి ఎంత అని కాక, పరీక్షతో మొదలై చివరి దిద్దుబాటు వరకు మొత్తం ఎంత అవుతుందని అడగాలి. ఈ పని ఒక్క విడతలో పూర్తి కావడం అరుదు, సాధారణంగా రెండు నుంచి నాలుగు విడతలు, ఒక్కో విడతకు మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం ఉంటుంది.

కాలం, ముహూర్తం

మన ఊళ్లో ఈ పనికి అనువైన కాలం డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు. మార్చి దాటాక ఉక్కపోత మొదలై, చెమట ఆగకుండా కారుతుంటే తాజా టాటూ మానడం కష్టమవుతుంది. దానికంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మన చర్మం ఎండకు నల్లబడుతుంది, టాటూ రంగు నల్లబడదు. వేసవిలో బండి మీద తిరిగి కమిలిన చేతికి సరిపోయేలా రంగు కలిపిస్తే శీతాకాలంలో ఆ చోటు ముదురు మచ్చగా తేలుతుంది, పూర్తిగా తెల్లబడి ఉన్నప్పుడు కలిపిస్తే వేసవిలో లేత మచ్చగా తేలుతుంది. అందుకని రంగు కలపడానికి ముందు నెల రోజులైనా ఆ చోటుకు ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కాతోనో, సన్‌స్క్రీన్‌తోనో కాపాడుకుని, చర్మం తన సహజమైన చాయకు వచ్చాక పని మొదలుపెట్టించాలి. ఆ తర్వాత కూడా ఆ చాయను నిలుపుకోవలసిన బాధ్యత మీదే. వారానికి నాలుగు సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో వాలీబాల్ ఆడేవారు, చేపల రేవులోనూ నౌకాశ్రయంలోనూ రోజంతా ఎండలో పని చేసేవారు ముంజేతి మీద, ముఖం మీద ఇది చేయించుకోవడం కంటే బట్టల చాటున ఉండే చోటుకే పరిమితం కావడం మంచిదని నా అభిప్రాయం.

మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్నవారు పరీక్షకూ, రెండు విడతలకూ, చివరి రంగు తేలడానికీ పట్టే కాలాన్ని వెనక్కి లెక్క వేసుకుంటే, శ్రావణం నాటికే మొదలుపెట్టవలసి వస్తుంది. అంతకు ఆలస్యమైతే పెళ్లిరోజు మేకప్‌తో సరిపెట్టుకుని, ఆ తర్వాత తీరిగ్గా చేయించుకోవచ్చు. కార్తీక మాసపు సముద్ర స్నానాలకు ముందు రెండు వారాల్లోనూ, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచే గిరిప్రదక్షిణకు ముందూ విడత పెట్టించుకోకండి. మానని టాటూకు ఉప్పునీరూ పనికిరాదు, రాత్రంతా కారే చెమటా పనికిరాదు.

పరీక్షగా వేయించడం

ఈ వ్యాసంలో ఒక్క విషయమే పాటించగలిగితే దీన్నే పాటించండి. మచ్చలోనే, అంతగా కనిపించని ఒక మూలన, రెండు మూడు దగ్గరి ఛాయల్లో చిన్న చుక్కలు వేయించి, కనీసం ఆరు వారాలు ఆగాలి. మోచేయి లోపలి మామూలు చర్మం మీద చేసిన పరీక్ష అలర్జీ ఉందో లేదో మాత్రమే చెప్పగలదు. మచ్చ ఆ రంగును ఎంత పట్టుకుంటుందో, మానాక అది ఏ ఛాయకు తిరుగుతుందో చెప్పలేదు.

ఆరు వారాల తర్వాత పగటి వెలుగులోనూ, ఇంట్లో ఎల్‌ఈడీ దీపం కిందా, ఫొటోలోనూ మూడు విధాలుగా చూడండి. ఒక వెలుగులో కలిసిపోయిన రంగు ఇంకో వెలుగులో తేలిపోవడం మామూలే. చుక్కలు పూర్తిగా మాయమైతే మచ్చ రంగును పట్టుకోవడం లేదని, చుట్టూ మసకబారితే రంగు లోపల పాకుతోందని, ఆ చోటు ఉబ్బితే ఇక అసలు పని చేయించుకోకూడదని తెలుసుకోవాలి. ఈ మూడింటిలో ఏది జరిగినా నష్టం ఒక గోరు మందం చోటుకే పరిమితం. రెండు ఛాయల మధ్య సందేహం ఉంటే లేతదాన్నే ఎంచుకోండి. తర్వాతి విడతలో ముదురు చేయడం తేలిక, ముదిరిన రంగును లేత చేయడానికి దాదాపు దారి లేదు.

పని జరిగే రోజు

కడుపునిండా తిని వెళ్లండి, ముందు రోజు నుంచి మద్యం ముట్టకండి. మత్తు క్రీమును అక్కడే, చెప్పినంత మేరకే రాయించుకోవాలి. నొప్పి తెలియకూడదని ఇంటి దగ్గరే తొడంతా పూసి ప్లాస్టిక్ చుట్టుకుని వెళ్లడం ప్రమాదకరం, ఎందుకంటే అందులోని లిడోకెయిన్ అనే మత్తుమందు ఎక్కువగా రక్తంలో కలిస్తే గుండె మీద ప్రభావం చూపుతుంది.

సూది సీలు మీ కళ్లెదుటే విప్పాలి. దాని మీద గడువు తేదీ చూడాలి. రంగును సీసాలోంచి ఒక్కసారి వాడే చిన్న కప్పులోకి పోసుకోవాలి, మిగిలింది పారేయాలి, తిరిగి సీసాలో పోయకూడదు. చేతికి కొత్త గ్లవ్స్, మిషన్‌కు కొత్త తొడుగు ఉండాలి. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ శుభ్రం లేని సూదుల ద్వారా సోకగలవు కాబట్టి ఇవి అడగడానికి మొహమాటపడవలసిన విషయాలు కావు. హెపటైటిస్ బి టీకా ఇంకా వేయించుకోనివారు ఈ సందర్భంగానైనా వేయించుకోవడం మంచిది.

నేర్పున్నవారు మచ్చ మొత్తాన్ని ఒకే రంగుతో పులమరు. మన చర్మాన్ని దగ్గరగా చూస్తే అందులో ఒకే రంగు ఉండదు, లేత చుక్కలు, ముదురు చుక్కలు, వెంట్రుకల మూలాలు, సన్నని గీతలు కలిసి దూరానికి ఒక చాయగా కనిపిస్తాయి. అందుకే రెండు మూడు ఛాయలను చుక్కలు చుక్కలుగా వేస్తూ, మచ్చ అంచు దగ్గర చుక్కలను పల్చన చేస్తూ పక్క చర్మంలోకి కొద్దిగా తీసుకువెళతారు. అంచు గీత గీసినట్లు మిగిలితే ఎంత మంచి రంగైనా అతుకు వేసినట్లే కనిపిస్తుంది. మొదటి విడతలో పల్చగా వేసి ఆపేస్తే, డబ్బుకు తగ్గ పని చేయలేదని అనుకోవద్దు. అది జాగ్రత్త.

శరీరంలో చోటును బట్టి పద్ధతి మారుతుంది. కనుబొమలో కోసుకుపోయిన గీతకు చర్మపు రంగు కాక, వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వేస్తారు, దీని ఫలితం సాధారణంగా బాగుంటుంది. తల మీది మచ్చకు, జుట్టు మార్పిడి ఆపరేషన్‌లో వెనుక భాగాన మిగిలిన గీతకు, కత్తిరించిన వెంట్రుక కొనల్లా కనిపించే చుక్కలు వేస్తారు. జుట్టు నెరిశాక ఆ చుక్కలు నల్లగానే మిగులుతాయన్నది గుర్తుంచుకోవాలి. సింహాచలంలో తలనీలాలు ఇవ్వాలన్న మొక్కు ఉంటే, అది తీర్చుకుని, చర్మం కుదుటపడ్డాక ఈ పని పెట్టుకోవచ్చు. గ్రహణమొర్రి సరిచేసిన తర్వాత పెదవి అంచు చెదిరినట్లు ఉన్నవారికి ఆ అంచును రంగుతో సరిదిద్దవచ్చు, కాకపోతే పెదవి మీద ఎప్పుడైనా నీటి పొక్కులు వచ్చిన చరిత్ర ఉంటే సూది పోటుతో అవి మళ్లీ రేగుతాయి కాబట్టి ముందుగా డాక్టరు చేత మాత్రలు రాయించుకోవాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చనుమొన చుట్టూ ఉండే వలయాన్ని నీడలతో సహా టాటూగా వేయడం కూడా ఈ విద్యలో ఒక శాఖే. రేడియేషన్ పొందిన చర్మం ఆలస్యంగా మానుతుంది, అందువల్ల చికిత్స చేసిన డాక్టర్ల అనుమతి లేనిదే దానికి పూనుకోకూడదు.

మానేంత వరకు

మొదటి రోజుల్లో రంగు అనుకున్న దానికంటే ముదురుగా కనిపిస్తుంది. నాలుగో రోజు నుంచి వారం వరకు పొట్టు రాలుతుంది, ఆ తర్వాత రంగంతా పోయిందేమో అన్నంత పాలిపోతుంది. అసలు రంగు తేలేది నాలుగు నుంచి ఆరు వారాలకు. ఈ మధ్యలో కంగారుపడి ఎవరిచేతా దిద్దించకూడదు.

చేతులు కడుక్కుని, శుభ్రమైన నీటితో, ఘాటు లేని సబ్బుతో ఆ చోటును మృదువుగా కడిగి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్దాలి. ఇచ్చిన ఆయింట్‌మెంటును పల్చగా మాత్రమే రాయాలి. పక్కు కట్టినా గిల్లకూడదు, గిల్లితే పక్కుతో పాటు రంగూ ఊడి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ పసుపు పెట్టమంటారు, కొబ్బరినూనె రాయమంటారు. ఈ ఒక్కసారికి వారి మాట కాదనాలి. సున్నిపిండితో నలుగు పెట్టుకోవడం, ఒళ్లు తోమే పీచుతో రుద్దుకోవడం ఆ చోటికి నెల రోజులైనా మానాలి. రెండు వారాల పాటు సముద్రం, ఈతకొలను, జిమ్ము వద్దు. ఉక్కు కర్మాగారంలోనో, షిప్‌యార్డులోనో వేడి, దుమ్ము మధ్య పని చేసేవారు ఆ వారం సెలవు పెట్టుకోగలిగితే మంచిది. చేపలు శుభ్రం చేసే పని చేసేవారు చేతి మీద టాటూ మానేదాకా ఆ పనికి దూరంగా ఉండాలి. హెల్మెట్ పట్టీ, బ్యాగు పట్టీ, చీర కుచ్చిళ్ల ముడి, లంగా నాడా ఒరిసే చోట్లు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. సిజేరియన్ గీత మీద చేయించుకున్నవారికి నాడా ముడిని కొన్నాళ్లు పైకి జరుపుకోవడమో, వదులు నైటీలు వేసుకోవడమో తప్పదు.

ఎరుపు తగ్గకపోగా రోజు రోజుకూ పాకుతున్నా, ఆ చోటు వేడిగా సలుపుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి, టాటూ వేసినవారికి ఫొటో పంపి ఊరుకోకూడదు. రెండు మూడు నెలల తర్వాత ఆ చోటు గట్టిపడుతూ, దురద పెడుతూ ఉబ్బడం మొదలైతే కీలాయిడ్ కావచ్చు, మొదట్లోనే ఇంజెక్షన్లతో అణచడం తేలిక. ఎప్పుడో ఏడాది తర్వాత రంగు వేసిన చోట చిన్న చిన్న గడ్డలు లేచినా చర్మ వైద్యుల దృష్టికి తీసుకువెళ్లాలి.

పూర్తిగా మానిన తర్వాత ఆ చోటుకు ఎండ తగిలే ప్రతి రోజూ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయడం అలవాటు చేసుకోవాలి, చెమట పట్టే మన ఊళ్లో అది రెండు గంటలకొకసారి మళ్లీ రాయవలసిందే. ఏళ్లు గడిచేకొద్దీ రంగు పల్చబడుతుంది, ఒక్కోసారి పసుపుకో గులాబీకో తిరుగుతుంది. కొన్నేళ్లకొకసారి దిద్దుబాటు అవసరమవుతుందని ముందే అనుకుని దిగాలి. వాడిన రంగుల పేర్లు, కంపెనీ, బ్యాచ్ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని దాచుకుంటే, తర్వాత ఎవరు దిద్దినా, ఎప్పుడైనా అలర్జీ తలెత్తినా ఉపయోగపడుతుంది.

కాగితాల మీద దీని ప్రభావం

టాటూ తర్వాత ఏడాది పాటు రక్తదానానికి వీలుండదు. ఎంఆర్ఐ తీయించుకునేటప్పుడు చెప్పాలి, రంగులోని ఐరన్ ఆక్సైడ్ వల్ల అరుదుగా ఆ చోట వేడెక్కినట్లు, మంటగా అనిపించవచ్చు, దానివల్ల పరీక్ష మానుకోవలసిన పనిలేదు. మీ పదో తరగతి ధ్రువపత్రంలో గుర్తింపు మచ్చగా రాయించింది ఈ మచ్చనేమో ఒకసారి తీసి చూసుకోండి. అదే అయితే ముందు ఫొటోలనూ, డాక్టరు రాసిన కాగితాన్నీ ధ్రువపత్రంతో పాటే ఉంచుకోవడం మంచిది.

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు కావడం వల్ల ఇక్కడి కుర్రవాళ్లలో నేవీ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు ఎక్కువ. వైద్య పరీక్షలో మచ్చ అడ్డవుతుందేమోనని కొందరు దాన్ని కప్పించాలనుకుంటారు. నియామక ప్రకటనల్లో శాశ్వత టాటూలను ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక వైపు తప్ప మరెక్కడా అనుమతించబోమన్న నిబంధన ఉంటుంది. చర్మపు రంగులో ఉన్నా టాటూ టాటూయే. మానిన మామూలు మచ్చతో రాని చిక్కు, దానిని కప్పిన రంగుతో రావచ్చు. నియామక ప్రక్రియ పూర్తయ్యేవరకు ఆ ఆలోచన వాయిదా వేసుకోవాలి.